సమాధానం: కంట్రోల్‌లోనే డాఫ్నియా చచ్చిపోతున్నాయంటే

తమ్ముడూ, నీళ్లలో విషం ఉందో లేదో తేల్చడానికి డాఫ్నియా (చుక్కంత ఉండే చిన్న నీటి ప్రాణులు) వేసి చూస్తే, హార్బర్ దగ్గర మేఘాద్రిగెడ్డ వాగు నీళ్లలో 20కి 20 చచ్చిపోయాయి, పోల్చి చూడటానికి పెట్టిన కుళాయి నీళ్ల కంట్రోల్‌లోనూ 7 పోయాయి అన్నావు. కంట్రోల్‌లో 10 శాతం దాటి కదలిక ఆగితే ఆ పరీక్ష చెల్లదు. ఆ అంకెలు రిపోర్టులో పెట్టకు.

కంట్రోల్‌లో నాకు మొదటి అనుమానం క్లోరిన్ మీదే. మనిషి తాగగలిగే మోతాదు కూడా డాఫ్నియాకి విషమే. అది పోయేలా నీళ్లు బకెట్‌లో పోసి, ఒకటి రెండు రోజులు ఎయిర్ పంపు పెట్టు. రెండోది మన వైజాగ్ వేడి. డాఫ్నియా మాగ్నా అనే రకానికి నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మేలో ఫ్యాను కింద ట్రే పెడితే విషం అక్కర్లేదు, వేడే చంపేస్తుంది. ఏసీ గది చూసుకో. పరీక్షకి వాడే డాఫ్నియా పిల్లలు పుట్టి 24 గంటలు దాటకూడదు, పరీక్ష నడిచే 48 గంటలూ మేత వేయకూడదు. గ్లాసు మెల్లగా కదిపాక 15 సెకన్లలో ఈదకపోతే 'కదలనిది' కింద రాసుకో. గుండె కొట్టుకుంటోందా అని మైక్రోస్కోపులో వెతుకుతూ కూర్చోకు, నేనూ అలాగే ఒక రాత్రంతా వృథా చేశాను.

ఇక గెడ్డ శాంపిల్. అక్కడికి సముద్రం పోటు వస్తుంది. డాఫ్నియా మంచినీటి జీవి, దాన్ని ఉప్పే చంపి ఉండొచ్చు. ముందు ఉప్పుశాతం కొలువు. ఎక్కువుంటే ఆర్టీమియా (ఉప్పునీటిలో బతికే చిన్న రొయ్యలాంటి ప్రాణి) వాడు. భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో అడిగితే గుడ్లు దొరకొచ్చు. కాకపోతే అది మొండి ప్రాణి, చాలా విషాలకు డాఫ్నియా అంత తొందరగా పడిపోదు. అది బతికిందని నీళ్లు మంచివని రాసేయకు.