కరెంటు పోతే ఫైబర్ ల్యాండ్‌లైన్ నుంచి 108కి కాల్ వెళ్తుందా?

మీరు అడిగింది ఇదీ: విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో అమ్మగారూ నాన్నగారూ ఇద్దరే ఉంటారు. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్ తీసేసి అదే నంబరును ఫైబర్ కనెక్షన్ మీద ఇచ్చారు. కరెంటు పోయినప్పుడల్లా ఫోను మూగబోతోంది. నాన్నగారికి గుండె జబ్బు. మీ అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిపెట్టిన ఇంటర్నెట్ ఫోను పెట్టె ఒకటి కూడా ఇంట్లో ఉంది. మీరు హైదరాబాద్‌లో ఉంటారు. ఆపద వస్తే దేన్ని నమ్ముకోవాలి?

ముందు సూటిగా జవాబు. ఇంట్లో ఫైబర్ పెట్టెకు కరెంటు అందుతూ, బయట లైను బాగుంటే ఆ ల్యాండ్‌లైన్ నుంచి 108, 112, 100, 101 అన్నీ వెళ్తాయి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తప్పినా ఒక్క కాలూ వెళ్లదు. కాబట్టి ఆపదలో మొదటి కాల్ మొబైల్ నుంచి, ఏదో ఒక టవర్ సిగ్నల్ మీద. ల్యాండ్‌లైన్ రెండో దారి. దాన్ని తీసేయమని మాత్రం చెప్పను. చేయి వణికే పెద్దవాళ్లకు ఎప్పుడూ ఒకేచోట ఉండే, బొత్తాలున్న ఫోను చాలా విలువైనది. దాన్ని నమ్మదగ్గదిగా చేసుకోవడానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు.

పాత ఫోను కరెంటు పోయినా ఎందుకు పనిచేసేదంటే, దానికి కావలసిన 48 వోల్టుల డీసీ కరెంటు రాగి జంట తీగలోనే ఎక్స్ఛేంజి నుంచి వచ్చేది. అక్కడ బ్యాటరీ గది, డీజిల్ జనరేటర్ ఉండేవి. ఫైబర్ అంటే గాజు తీగ, అందులో వెలుగే తప్ప కరెంటు రాదు. ఆ వెలుగును మాటగా మార్చేది మీ హాల్లోని ఫైబర్ పెట్టె (ఓఎన్‌టీ). దానికి గోడ సాకెట్ నుంచి 12 వోల్టులు అందాలి. నంబరు పాతదే అయినా, ఫోను మాత్రం ఇప్పుడు ఇంటి కరెంటు మీద బతుకుతోంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ పెట్టె ప్లగ్గు ఏ సాకెట్‌లో ఉందో ముందు చూడండి. చాలా ఇళ్లలో ఫ్యాన్లు, లైట్లకే ఇన్వర్టర్ లైను లాగుతారు, టీవీ పక్క సాకెట్‌కు ఉండదు. పెట్టె ఉండేది అక్కడే! ఎలక్ట్రీషియన్‌తో ఆ ఒక్క సాకెట్‌ను ఇన్వర్టర్ లైనుకు కలిపిస్తే సగం సమస్య తీరినట్టే. కరెంటు పోగానే పెట్టె ఆరి మళ్లీ వెలుగుతుంటే ఇన్వర్టర్ వెనక స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో కరెంటు మారేటప్పుడు వచ్చే చిన్న ఖాళీని కొన్ని పెట్టెలు తట్టుకోలేవు. ఒకసారి ఆరితే లైను పట్టుకుని, ఫోను నంబరు నమోదై, డయల్ చేయడానికి సిద్ధం కావడానికి రెండు నుంచి నాలుగు నిమిషాలు పడుతుంది. గుండెనొప్పి వేళ అది చాలా ఎక్కువ సమయం. యూపీఎస్ మోడ్‌తో ఒక చిక్కుంది: వోల్టేజీ 180కి దిగువకు పడినా బ్యాటరీ మీదకు వెళ్లిపోతుంది. లో వోల్టేజీ ఎక్కువగా ఉండే వీధిలో బ్యాటరీ త్వరగా అరిగిపోతుంది. అలాంటి చోట ఇన్వర్టర్‌ను మామూలు మోడ్‌లోనే ఉంచి, పెట్టెకు విడిగా మినీ యూపీఎస్ (చిన్న బ్యాటరీ బ్యాకప్) పెట్టడం మేలు.

మినీ యూపీఎస్ కొనే ముందు పెట్టె అడాప్టర్ మీద లేబుల్ చదవండి. సాధారణంగా 12 వోల్టులు, 1 లేదా 1.5 లేదా 2 ఆంపియర్లు ఉంటుంది. యూపీఎస్ అంతకు తక్కువ ఆంపియర్లది కాకూడదు. పిన్ను వెడల్పు కూడా సరిపోవాలి. లోపలి రంధ్రం 2.1 మిల్లీమీటర్లదీ 2.5దీ చూడటానికి ఒకేలా ఉంటాయి, కానీ తేడా వస్తే వదులై, ఎవరి చేయి తగిలినా పెట్టె ఆరిపోతుంది. ఇక యూపీఎస్ మీద రాసిన 8,800 ఎంఏహెచ్ చూసి పొరపడొద్దు. అది లోపలి సెల్లుల 3.7 వోల్టుల లెక్క. 8,800ను 3.7తో హెచ్చవేస్తే దాదాపు 32 వాట్ అవర్లు. 12 వోల్టులకు పెంచడంలో పోయేది తీసేస్తే 27 మిగులుతాయి. ఓఎన్‌టీ 8 వాట్లు తాగితే మూడున్నర గంటలు వస్తుంది. రెండేళ్లు వాడాక రెండున్నర గంటలనే లెక్క వేసుకోండి, సెల్లులు అరుగుతాయి. వేడి వాటికి శత్రువు కాబట్టి యూపీఎస్‌ను ఓఎన్‌టీ నెత్తిన పెట్టకుండా పక్కన పెట్టండి. వైఫై కోసం విడిగా ఇంకో రౌటర్ ఉంటే దాన్ని ఈ యూపీఎస్‌కు తగిలించొద్దు. ఫోను మాట్లాడటానికి ఓఎన్‌టీ ఒక్కటి చాలు.

తర్వాత ఫోను పరికరం. కార్డ్‌లెస్ అయితే దాని బేస్‌కూ కరెంటు కావాలి. ఓఎన్‌టీకి బ్యాకప్ ఇచ్చి కార్డ్‌లెస్ బేస్‌ను మరిచిపోయిన ఇళ్లు ఎన్నో! తీగ ఉన్న మామూలు ఫోను ఒకటి కొని నేరుగా ఓఎన్‌టీ ఫోను రంధ్రానికి తగిలించండి. పాత ఇంటి వైరింగు ద్వారా తిప్పొద్దు. ఎంవీపీ, లాసన్స్ బే, పెదవాల్తేరు, రుషికొండ వైపు ఉప్పుగాలికి ఫోను తీగ చివరి చిన్న పిన్నులు పచ్చబడి కరకరమనే శబ్దం వస్తుంది. తర్వాత డయల్ టోనే పోతుంది. తప్పు లైనుదని అందరూ అనుకుంటారు, నిజానికి చవకగా దొరికే ఆ చిన్న తీగ మారిస్తే సరిపోతుంది. ఏటా ఒకసారి మార్చేయండి.

ఇంటి లోపల ఎంత చేసినా బయట ఏముందో తెలియకపోతే లాభం లేదు. కేబుల్ ఆపరేటర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "ఫైబర్ తీగ నేరుగా మా ఫ్లాట్‌లోకి వస్తోందా, లేక మెట్ల కింద స్విచ్ (లైనును ఫ్లాట్లకు పంచే పెట్టె) పెట్టి అక్కడినుంచి వైరు లాగారా?" నేరుగా వస్తే మధ్యలో వెలుగును ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కు కరెంటే అక్కర్లేదు. ఆపరేటర్ గదిలో బ్యాకప్ ఉంటే చాలు. స్విచ్ ఉంటే అది అపార్ట్‌మెంట్ కామన్ కరెంటు మీద నడుస్తుంది. దానికి జనరేటర్ కనెక్షన్ లేకపోతే మీ ఇంట్లో ఎంత ఖరీదైన యూపీఎస్ పెట్టినా వ్యర్థం. ఓఎన్‌టీ మీద లైట్లన్నీ పచ్చగా ఉండి ఫోను మాత్రం రాకపోతే సంగతి వేరు, అది తర్వాత చెబుతాను. ఎల్ఓఎస్ అనే లైటు ఎర్రగా కొట్టుకుంటే తీగ తెగినట్టో, మరీ వంగినట్టో. ఆపరేటర్ కుర్రాడు వచ్చినప్పుడు వెలుగు బలం ఎంతో చూపించమనండి. మైనస్ 18 నుంచి మైనస్ 24 డీబీఎమ్ మధ్య ఉంటే హాయి. మైనస్ 27 దగ్గరకు వచ్చిందంటే అది వానకో గాలికో ఏదో ఒకరోజు తెగేదే, అప్పుడే అతుకు మార్పించుకోండి.

లైట్లు బాగుండి, ఇంటర్నెట్ నడుస్తూ, ఫోను ఒక్కటే చచ్చిందంటే తరచూ కారణం ఒకటే: ఎవరో పిన్నుతో వెనక రీసెట్ నొక్కారు. ఇంటర్నెట్ పాస్‌వర్డ్ మళ్లీ కొట్టుకుంటారు గానీ, ఫోను సెట్టింగులు కంపెనీ వాళ్లే మళ్లీ పెట్టాలి. పెట్టె మార్చినా అంతే. ప్లాన్ గడువు దాటినా బయటికి కాల్ వెళ్లదు, కాబట్టి ఆటో చెల్లింపు పెట్టేయండి.

ఇప్పుడు పరీక్ష. డయల్ టోన్ వినిపిస్తే ఫోను బాగున్నట్టేననుకోవద్దు. చాలా పెట్టెల్లో ఆ టోన్ పెట్టెలోంచే వస్తుంది, బయట లైను లేకపోయినా మోగుతూనే ఉంటుంది. నెలకోసారి మెయిన్ స్విచ్ కట్టేసి, ఆ ఫోను నుంచి మీ మొబైల్‌కు కాల్ చేయించి, పది నిమిషాలు మాట్లాడండి. మూడంకెల నంబర్లు వెళ్తాయో లేదో చూడటానికి 108ని ఊరికే మోగించొద్దు, అక్కడ నిజంగా ఆపదలో ఉన్నవాళ్లు వరుసలో ఉంటారు. దానికి మంచి మార్గం ఉంది. నిజంగా కరెంటు పోయినప్పుడు కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ ఫిర్యాదు నంబరు 1912కు ఆ ల్యాండ్‌లైన్ నుంచే చేసి, ఎప్పుడొస్తుందో అడగండి. బ్యాకప్ నిలబడుతోందా, చిన్న నంబర్లు వెళ్తున్నాయా అన్న రెండూ ఒకేసారి తేలిపోతాయి. నంబరు కొట్టాక నాలుగైదు సెకన్లు నిశ్శబ్దంగా ఉండటం మామూలే. ఇంకా అంకెలు వస్తాయేమోనని పెట్టె ఎదురుచూస్తుంది. చివర హ్యాష్ నొక్కితే చాలా పెట్టెలు వెంటనే పంపుతాయి. ఆ నిశ్శబ్దం చూసి పెద్దవాళ్లు ఫోను పెట్టేస్తారు, వాళ్లతో చేయించి అలవాటు చేయండి.

అన్నయ్య ఇచ్చిన అమెరికా పెట్టె సంగతి ముఖ్యం. దాని నుంచి 108 వెళ్లదు. అది ఆ అంకెల్ని అమెరికా నంబరులో మొదటి ముక్కగా చూస్తుంది. భయంలో 911 నొక్కితే ఇంకా ప్రమాదం. 2005 నుంచి అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన ప్రకారం ఇంటర్నెట్ ఫోను కంపెనీలు నమోదైన చిరునామాను 911 వాళ్లకు అందించాలి. కాల్ విశాఖ నుంచి వెళ్లినా వాళ్లకు కనిపించేది మీ అన్నయ్య ఇంటి చిరునామా, బండి అక్కడికి వెళ్తుంది. ఆ ఫోను మీద పెద్ద అక్షరాలతో "దీని నుంచి 108 వెళ్లదు" అని రాసి అంటించండి. వాట్సాప్ కాల్ కూడా అంతే, 108కీ 112కీ దాని నుంచి దారి లేదు.

మీరు హైదరాబాద్ నుంచి 108 కొడితే అది తెలంగాణ 108కి వెళ్తుంది, విశాఖకు కాదు. ఈ విషయం చాలామందికి ఆపద వచ్చాకే తెలుస్తుంది. అందుకని మీ ఫోనులో పూర్తి నంబర్లు ఉండాలి: పక్క ఫ్లాటు వాళ్లవి రెండు, వాచ్‌మన్‌ది, నాన్నగారు చూపించుకునే ఆసుపత్రి అత్యవసర విభాగానిది 0891తో సహా. ఫోను రాగానే మీరు నాన్నగారితో మాట్లాడుతూ ఉండండి, పక్కింటివాళ్లతో 108కి చేయించండి.

చిరునామా విషయంలో ల్యాండ్‌లైన్ రికార్డును నమ్ముకోవద్దు. ఇల్లు మారినా పాతదే ఉండిపోవచ్చు. 108 రాష్ట్రమంతటికీ ఒకే సేవ, గాంధీనగర్, శ్రీనగర్ లాంటి పేర్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. ఫోను పక్కన గోడకు ఒక కాగితం అంటించండి. మొదటి మాట విశాఖపట్నం, తర్వాత ఎంవీపీ కాలనీ, సెక్టార్ నంబరు, రైతుబజారు నుంచి ఎటు తిరగాలో, అపార్ట్‌మెంట్ పేరు, అంతస్తు, లిఫ్ట్ ఉందో లేదో. ఆ కిందే నాన్నగారి వయసు, జబ్బు, వేసుకునే మందులు. వణుకుతున్న మనిషి కూడా చూసి చదవగలగాలి, కాబట్టి అక్షరాలు పెద్దవిగా ఉండాలి.

ఇక తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నగరం మీదే తీరం దాటినప్పుడు కరెంటు, మొబైల్ రెండూ పోయాయి. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో కొన్ని ప్రాంతాల్లో కరెంటు లైన్లను భూమిలోకి మార్చారు, కానీ చాలా వీధుల్లో ఫైబర్ తీగ ఇంకా స్తంభాల మీదే వేలాడుతోంది. కరెంటు వచ్చేసినా ఫోను రాకపోవచ్చని అర్థం. హెచ్చరిక రాగానే ఇన్వర్టర్ నిండా చార్జి చేయించండి. 150 ఏహెచ్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్లు ఉంటాయి, సగమే వాడదగ్గదనుకున్నా 900. రెండు ఫ్యాన్లు, లైట్లు వేస్తే నాలుగు గంటలు. ఫ్యాన్లు ఆపి ఓఎన్‌టీ ఒక్కటే ఉంచితే, ఇన్వర్టర్ తనకు తాను తినేది కలిపినా, ఒక పగలూ ఒక రాత్రీ దాటుతుంది.

మొబైల్ విషయంలో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉంచండి. వైఫై ఆపేసి ఇల్లంతా తిరిగి, ఏ గదిలో ఏ కిటికీ దగ్గర టవర్ సిగ్నల్ బాగా అందుతుందో చూసి అమ్మగారికి చూపించండి. వైఫై మీద కాల్స్ మాట్లాడుకునే ఇళ్లలో టవర్ సిగ్నల్ లేదన్న సంగతి పెట్టె ఆరిపోయేదాకా తెలియదు. రెండో సిమ్ కీప్యాడ్ ఫోనులో వేస్తే చార్జింగు రోజుల తరబడి నిలుస్తుంది, వాటిలో చాలావాటికి 5 లేదా 9 బొత్తాన్ని గట్టిగా నొక్కి పట్టుకుంటే 112కి వెళ్తుంది. ఆ ఫోనును నాన్నగారి మంచం పక్క సొరుగులో కాదు, చేతికి అందే మేకుకు తాడుతో వేలాడదీయండి.