పేరు తీసేసినా ఫోన్ జాడ మిగులుతుంది

టార్చ్ యాప్ లొకేషన్ అడుగుతోంది, పేరు లేకుండానే తీసుకుంటామంటోంది, ఒప్పుకోవచ్చా అని అడిగారు కదా అన్నా. నేనైతే ఒప్పుకోను. మీరు కడపలో ఉన్నారో కర్నూలులో ఉన్నారో టార్చ్ వెలగడానికెందుకు?

అందరి లొకేషన్ కలిపి వాడితే ఉపయోగమే. కడప ఏడురోడ్ల కూడలి మ్యాప్‌లో ఎర్రగా కనిపించేది అక్కడ ఫోన్లు నెమ్మదిగా కదులుతున్నందుకే. చిక్కంతా ఒక్కో ఫోన్ జాడను విడిగా దాచుకోవడంలో ఉంది. పేరుకు బదులు అడ్వర్టైజింగ్ ఐడీ అని, ప్రకటనల కోసం ఒక్కో ఫోన్‌కూ ఇచ్చే గుర్తు ఉంటుంది. ఆ ఐడీ రోజూ రాత్రి ఎర్రముక్కపల్లెలో ఒకే ఇంట్లో, పగలు ఒకే ఆఫీసులో కనిపిస్తే, అదెవరో పట్టుకోవడానికి ఇంకా పేరెందుకు? 2013లో 15 లక్షల మంది ఫోన్ల డేటా పరిశీలించిన పరిశోధకులు, చోటూ సమయమూ కలిసిన నాలుగు పాయింట్లు దొరికితే చాలు, 95 శాతం మంది జాడను మిగతావాళ్ల నుంచి వేరు చేయవచ్చని తేల్చారు.

ఆ యాప్ తీసేయండి, ఫోన్లోనే టార్చ్ ఉంది. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్‌లోకి వెళ్లి అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేయండి. వాతావరణం యాప్‌కు లొకేషన్ ఇవ్వాల్సి వస్తే, వాడుతున్నప్పుడు మాత్రమే ఇచ్చి, ఖచ్చితమైన లొకేషన్ ఆపేయండి. దానికి ఊరు తెలిస్తే చాలు. టవర్ల ద్వారా సిమ్ కంపెనీకి తెలిసేది మాత్రం వీటితో ఆగదు.