ఇంటర్వ్యూ గదిలో గొంతు పెగలడం లేదు

నాకు 25 ఏళ్లు. మాది బాపట్ల జిల్లా. ఇంజినీరింగ్ పూర్తిచేసి మూడేళ్లుగా బ్యాంకు పరీక్షలకే చదువుతున్నాను. గత ఏడాది ప్రొబేషనరీ ఆఫీసర్ (పీఓ) పోస్టులకు రెండో దశ రాతపరీక్ష అయిన మెయిన్స్ గట్టెక్కాను. ఇంటర్వ్యూలో ‘ఇంజినీరింగ్ చదివి బ్యాంకుకెందుకు? ఈ మూడేళ్లూ ఏం చేశారు?’ అని అడిగేసరికి నోట మాట రాలేదు. ఇప్పుడు మళ్లీ పిలుపు వచ్చింది. పదిహేను రోజులే గడువు. నాన్న కౌలు రైతు. ‘ఇదే ఆఖరుసారి, ఈసారి రాకపోతే సంబంధాలు చూస్తాను’ అంటున్నారు. మా ఇద్దరి మధ్య మాటలు తగ్గిపోయాయి. ఏం చేయాలి?

రెండేళ్లు వరుసగా మెయిన్స్ దాటారంటే చదువులో మీకు లోటేమీ లేదు. బ్యాంకు నియామక పరీక్షలు జరిపే ఐబీపీఎస్ సంస్థ పీఓ తుది ఎంపికలో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 పాళ్లు. ఇంటర్వ్యూలో అర్హతకు నూటికి 40 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 35. మీ కష్టంలో పెద్ద వాటా ఇప్పటికే లెక్కలోకి వచ్చేసింది. గదిలోకి వెళ్లేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోండి.

నాన్న కౌలు రైతు అన్న మాటను మీరు ఇంటి కష్టంగా రాశారు. నాకైతే మీ జవాబంతా అందులోనే కనిపిస్తోంది. ‘బ్యాంకుకెందుకు’ అంటే ప్రజాసేవ, ఉద్యోగ భద్రత అని చాలామంది చెబుతారు. పట్టా ఇంకొకరి పేరున ఉన్న పొలాన్ని సాగుచేసే మనిషికి పంట రుణం ఎందుకంత కష్టమో ఇంట్లో చూసి చెప్పగలిగేవారు ఎందరుంటారు? బయట నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు పంట రుణానికి 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే. ఈ తేడా మీ ఇంటి పొయ్యి దాకా వచ్చే ఉంటుంది.

అందుకే ఈ రాత్రి భోజనాలయ్యాక నోటుపుస్తకం పట్టుకుని నాన్నగారి దగ్గర కూర్చోండి. ఇంటర్వ్యూ ఊసెత్తకండి. ‘నాన్నా, ఈ ఏడాది పెట్టుబడికి డబ్బు ఎక్కడ తెచ్చావు? కౌలు కార్డుకు పొలం యజమాని ఒప్పుకున్నారా? బ్యాంకులో ఏ కాగితాలు అడిగారు?’ అని అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. తనఖా లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణాల పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నుంచి 1.6 లక్షల నుంచి 2 లక్షలకు పెంచిందని మీరూ ఆయనకు చెప్పండి. ఇన్నాళ్లూ మీ చదువుకు ఆయన బయటి మనిషిగానే ఉండిపోయారు. అందులో ఆయనకు తెలిసిన విషయం ఉందని తెలిస్తే ఆ మాటతీరు మారుతుందని నా నమ్మకం.

మూడేళ్ల ప్రశ్నకు ఉన్నదున్నట్టు చెప్పండి. ‘బ్యాంకు పరీక్షలకే చదివాను. గత ఏడాది ఇంటర్వ్యూ వరకు వచ్చి తప్పాను. ఆ తర్వాత పంట రుణాల గురించి మా ఇంటి అనుభవంతో కలిపి తెలుసుకున్నాను’ అంటే చాలు. తప్పిన సంగతి దాస్తే తర్వాతి ప్రశ్నకే తడబడతారు. ఇంగ్లిషులో అయితే చిన్న చిన్న వాక్యాలే వాడండి. తెలియనిది అడిగితే తెలియదనండి. రోజూ అరగంట ఎవరి ముందైనా కూర్చుని పైకి మాట్లాడండి, మధ్యలో అడ్డుకుని ఎదురు ప్రశ్నలు వేయమనండి. మనసులో ఎన్నిసార్లు చెప్పుకున్నా గొంతుకు అలవాటు కాదు. ధ్రువపత్రాల అసలు ప్రతులు, కాల్ లెటర్ ముందు రోజే సర్దుకోండి.

ఇక పెళ్లి మాట. ఉద్యోగం రాకపోతే పెళ్లి అనే షరతు పెట్టి కూతుర్ని ఇంటర్వ్యూకు పంపడం సరికాదు. నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది, అయినా ఈ విషయంలో నేను మీ పక్షమే. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పండి. పీఓ పరీక్షకు 30 ఏళ్ల వరకు, క్లర్కు స్థాయి పోస్టులకు 28 ఏళ్ల వరకు వయసుంది. క్లర్కు పోస్టులకు అసలు ఇంటర్వ్యూయే లేదు. ఈసారి ఫలితం ఎలా ఉన్నా వచ్చే ఏడాది రెండింటికీ దరఖాస్తు చేస్తానని చెప్పి ఆయనను ఒప్పించండి. ఈ మాట ఇంటర్వ్యూకు ముందే జరిగిపోవాలి.