ఆన్‌లైన్‌లో ఆర్ట్ అప్రీసియేషన్ కోర్సు చేసినవాళ్ళున్నారా? దానివల్ల మీకు ఒరిగిందేమిటి?

నేనున్నాను. పన్నెండు వారాలు చేశాను. ఒరిగిందేమిటంటే, ఒక ఏనుగును రెండు ఏనుగులని చెప్పి మా అత్తగారి ముందు పరువు పోగొట్టుకున్నాను. కాస్త ఓపికుంటే వివరంగా చెబుతాను.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. చెన్నై బయట ఒరగడంలో, ఆటో విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్ నాది. ఊరు ఒంగోలు, ఉండేది తాంబరం. పదహారేళ్ళుగా నా పని చూడటమే. కాస్టింగ్, అంటే పోతపోసిన లోహపు భాగం, చేతికొస్తుంది, తిప్పి చూస్తాను. పగులుందా, లోపల గాలి చిక్కి బ్లోహోల్ అనే చిల్లు పడిందా, అంచున బర్ అనే గరుకు ముక్క మిగిలిందా. నలభై సెకన్లు. ఓకే, రీవర్క్, లేదంటే రిజెక్ట్. అలాంటివాడికి 'మీకు చూడటం నేర్పిస్తాం' అని కోర్సు ప్రకటన కనబడితే ఎలా ఉంటుంది? నాకు వీళ్ళు నేర్పేదేమిటి అనే పంతంతోనే చేరాను.

మొదటి వారమే నా పంతం కాస్త సడలింది. పదహారో శతాబ్దపు చిత్రకారుడు బ్రూగెల్ గీసినదిగా చెప్పే ఇకారస్ పతనం బొమ్మ తెర మీద పెట్టి, ఇకారస్ ఎక్కడున్నాడో కనుక్కోమన్నారు. మైనపు రెక్కలు కట్టుకుని సూర్యుడికి మరీ దగ్గరగా ఎగిరి సముద్రంలో పడిపోయిన కుర్రాడి కథ అది. నాలుగు సెకన్లు పట్టిందేమో నాకు. కింద కుడి మూలన, ఓడ దగ్గర, నీళ్ళలోంచి పైకి లేచిన రెండు కాళ్ళు. కుర్చీలో కాస్త వెనక్కి వాలాను కూడా. ఆ వెంటనే పాఠం చెప్పే ఆవిడ అడిగింది, 'నాగలి పట్టుకున్న రైతు చొక్కా ఏ రంగు?' అని. రైతా? ఏ రైతు? బొమ్మలో అందరికంటే పెద్దగా, అందరికంటే ముందు, ఎర్ర చొక్కా వేసుకుని దున్నుతున్న మనిషిని నేను చూడనేలేదు. తప్పు ఎక్కడుందో దొరికింది, ఇక నా పని అయిపోయింది. పదహారేళ్ళ అలవాటు మరి.

రెండో దెబ్బ మొదటి అసైన్‌మెంట్‌లో తగిలింది. మీ ఊళ్ళో ఉన్న ఒక శిల్పం గురించి రాయమన్నారు. నేను మెరీనా బీచ్‌లోని శ్రామిక విజయం విగ్రహాన్ని ఎంచుకున్నాను. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసింది, 1959 నుంచి అక్కడుంది. నలుగురు మనుషులు పెద్ద బండరాయిని కదిలిస్తుంటారు. ఆ రోడ్డు మీద వెళ్ళినప్పుడల్లా చూస్తాను కాబట్టి తేలిక అనుకున్నాను. రాసిందేమిటో తెలుసా? 'మనుషులు 4. రాయి 1. కాస్టింగ్ అతుకులు కనబడలేదు. సర్ఫేస్ ఫినిష్ బాగుంది.' నిజంగా అలాగే రాశాను. పదికి నాలుగొచ్చాయి. 'మీరు శిల్పం గురించి రాశారా, డెలివరీ చలాన్ రాశారా' అన్న అర్థంలో ఒకరు వ్యాఖ్య పెట్టారు.

ఇక్కడొక ఫిర్యాదు. ఈ కోర్సుల్లో మన పేపర్లు దిద్దేది మనలాంటివాళ్ళే. ఒకడు చదవకుండానే 'నైస్' అని పదికి పది ఇస్తాడు, ఇంకొకడు పొద్దున భార్యతో గొడవపడి వచ్చి నాలుగేస్తాడు. నేనూ అంతే, నైట్ షిఫ్ట్ దిగి బస్సులో కూర్చుని ఎవరిదో బ్రెజిల్‌వాడి వ్యాసం దిద్దిన రోజులున్నాయి. వాడికి ఎన్నిచ్చానో దేవుడికే తెలియాలి.

ఇంకో ఫిర్యాదు సైజు గురించి. మోనాలిసా ఎత్తు 77 సెంటీమీటర్లు, మన ఇంట్లో గోడకు తగిలించే తాతగారి ఫోటో కంటే మరీ పెద్దదేం కాదు. వెలాస్కెజ్ 1656లో గీసిన లాస్ మెనినాస్ మూడు మీటర్లు దాటుతుంది, దాని ముందు మనమే బొమ్మల్లా ఉంటాం. కంపెనీ బస్సులో నా ఫోన్ మీద రెండూ బొటనవేలంతే. ఇది ఏ కోర్సూ సరిచేయలేదు. బొమ్మ ఎదురుగా వెళ్ళి నిలబడాల్సిందే, వేరే దారి లేదని నా గట్టి నమ్మకం.

అన్నిటికంటే పెద్ద కోపం వేరే ఉంది. పన్నెండు వారాల్లో భారతదేశానికి దక్కింది ఒక్క వారం. సింధు నాగరికత నుంచి రవివర్మ దాకా ఒక్క వారం! ఇటలీలోని ఫ్లారెన్స్ నగరం ఒక్కదానికే రెండు వారాలు. అందులో మసాచ్చో అని ఒక చిత్రకారుడు, 1420లలో అక్కడి చర్చి గోడ మీద వేసిన పన్ను చెల్లింపు బొమ్మ ఉంది. ఒకే బొమ్మలో సెయింట్ పీటర్ మూడుసార్లు కనబడతాడు. మధ్యలో క్రీస్తు మాట వింటూ, ఒక చివర చేప నోట్లోంచి నాణెం తీస్తూ, ఇంకో చివర ఆ నాణెం పన్నువాడి చేతిలో పెడుతూ. కథ నడిచేకొద్దీ అదే మనిషిని మళ్ళీ మళ్ళీ చూపించడాన్ని ఏమంటారో క్విజ్‌లో అడిగారు. కరెక్టుగా పెట్టాను. పదికి పది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఎనిమిదో వారం అసైన్‌మెంట్ ఒకటే వాక్యం. ఏదైనా ఒక కళాఖండం ముందు ఇరవై నిమిషాలు నిలబడి, ఆ తర్వాతే రాయాలి. ఫోటో తియ్యకూడదు, గూగుల్ చెయ్యకూడదు. సరే, ఎగ్మోర్ మ్యూజియం ఉండగా బెంగేమిటనుకున్నాను. 1851లో మొదలైన మ్యూజియం, తాంబరం నుంచి లోకల్ ట్రైన్ ఎక్కితే నేరుగా ఎగ్మోరే. వీక్లీ ఆఫ్ రోజున వెళ్ళాను. స్టేషన్ నుంచి నడిచి వెళ్ళొచ్చు, అయినా ఎండకు భయపడి ఆటో ఎక్కి, ఆ కాస్త దూరానికి ఆయన చెప్పిన రేటుకు నోరెళ్ళబెట్టి, గేటు ముందు దిగితే తాళం. శుక్రవారం సెలవట. తప్పు నాదే, చూసుకోలేదు. కానీ ఆటో అతను అక్కడ దింపేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా!

రెండోసారి ఆదివారం వెళ్ళాను. అప్పటికి మా అత్తగారు మాచర్ల దగ్గర పల్లె నుంచి వచ్చి ఉన్నారు. మా ఆవిడకు ఆ రోజు ఏదో పనిబడి, 'అమ్మను కూడా తీసుకెళ్ళండి, వచ్చేటప్పుడు మాంబళంలో దిగి టీ నగర్‌లో చీరలు చూపించండి' అంది. అంటే ఆవిడకు నేను టీ నగర్ బాకీ. మ్యూజియం దారిలో తగిలే అడ్డంకి.

అమరావతి శిల్పాల దగ్గరికి వెళ్ళాం. మన అమరావతే, ఒకప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా, అమరేశ్వరుడి గుడి ఉన్న ఊరు. అక్కడి స్తూపం రాళ్ళు మద్రాసుకు ఎలా వచ్చాయో పెద్ద కథ. 1797లో కాలిన్ మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి చూసేనాటికే కొత్త ఊరి కట్టడాలకని రాళ్ళు పీకేస్తున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంకో అధికారి తవ్వించి చాలా వాటిని మద్రాసు తెచ్చాడు. వాటిలో కొన్ని 1859లో లండన్‌కు ఓడెక్కాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో వందకు పైగా ఉన్నాయి. అత్తగారికి ఇదంతా చెప్పాను. 'గుడికి ఎన్నిసార్లు వెళ్ళానో. ఇవన్నీ ఇక్కడ పెట్టుకున్నారా?' అన్నారు, నేనే మోసుకొచ్చినట్టు నావైపు చూసి.

నేనొక గుండ్రటి ఫలకం ముందు ఆగి ఫోన్‌లో టైమర్ పెట్టాను. రెండో శతాబ్దం నాటిదంటారు. మొదటి ఐదు నిమిషాలు మామూలే, నా కన్ను దెబ్బతిన్న అంచుల మీదికే పోయింది. తర్వాత జనం కనబడ్డారు. మేడ కిటికీల్లోంచి తొంగిచూసేవాళ్ళు, కింద వీధిలో హడలిపోయి ఒకరినొకరు పట్టుకున్నవాళ్ళు. ఒక పక్క ఏనుగు వీరంగం. రెండో పక్క ఏనుగు మోకాళ్ళ మీద వంగి ఉంది. నోట్‌బుక్‌లో రాసుకున్నాను: 'ఏనుగులు 2.'

అత్తగారు వచ్చి పక్కన నిలబడ్డారు. 'గజేంద్ర మోక్షమా బాబూ? మొసలి ఏదీ?'

కాదండీ, బుద్ధుడి కథ అని చెప్పాను. దేవదత్తుడు బుద్ధుణ్ణి చంపించాలని రాజగృహంలో నాళాగిరి అనే ఏనుగును మదమెక్కించి వీధిలోకి వదిలాడు, అది బుద్ధుడి ఎదురుకొచ్చేసరికి చల్లబడి పాదాల దగ్గర వంగింది.

'మరి రెండో ఏనుగు ఎవరిదో?' అని నాలో నేను అనుకున్నట్టు పైకే అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూశారు. 'రెండోది ఎక్కడుంది? ఇటు పిచ్చెక్కిన ఏనుగే, అటు దణ్ణం పెడుతోంది. సినిమా పోస్టర్ మీద ఎన్టీఆర్ నాలుగు చోట్ల ఉంటే నలుగురు ఎన్టీఆర్‌లా? డబుల్ యాక్షనైతే అది వేరే సంగతి.'

క్విజ్‌లో పదికి పది వచ్చిన మనిషిని నేను! మసాచ్చో గోడ మీద పీటర్‌ను మూడుసార్లు గుర్తుపట్టినవాణ్ణి, నాళాగిరిని పట్టుకోలేకపోయాను. మసాచ్చో కంటే పన్నెండు వందల ఏళ్ళ ముందే మనవాళ్ళు రాతి మీద అదే పని చేసి పెట్టారు. అదీ ఒక పల్లెం లాంటి గుండ్రంలో, వీధీ మేడలూ జనమూ అన్నీ ఇరికించి. కోర్సులో ఈ ఫలకం ఊసే లేదు. ఉండుంటే నేను తప్పేవాణ్ణి కాదని సరిపెట్టుకుంటున్నాను.

అంతటితో అయిపోలేదు. ఆవిడ ఇంకో రాతి దగ్గరికి వెళ్ళి, వంగి, కళ్ళజోడు సర్దుకుని చెయ్యి చాపబోయారు. గార్డు తమిళంలో ఏదో గట్టిగా అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, 'ఇది పాలరాయి కాదు. మా వైపు రాయే. మా వసారాలో పరిచింది ఇదే జాతి' అన్నారు.

ఇంగ్లీషువాళ్ళు వీటికి అమరావతి మార్బుల్స్ అని పేరు పెట్టారు, ఆ పేరే నిలిచిపోయింది. కానీ అది నిజంగా పల్నాటి సున్నపురాయి. ఆవిడకు ఆ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు, నలభై ఏళ్ళు ఆ రాళ్ళ మీద ముగ్గేశారు కాబట్టి తెలుసు. తడి గుడ్డతో తుడిస్తే దాని రంగెలా మారుతుందో మ్యూజియంలోనే నిలబడి నాకు చెప్పారు. నా ఇరవై నిమిషాల టైమర్ ఎప్పుడు మోగిందో వినలేదు.

అలాగని మా అత్తగారు గొప్ప కళాస్వాదకురాలని చెప్పడం లేదు. అదే ఆవరణలో వేరే భవనంలో చోళుల కంచు విగ్రహాలు, ప్రపంచమంతా వచ్చి చూసేవి, వాటి ముందు రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. 'గుడిలో ఉండాల్సిన దేవుళ్ళు, అలంకారం లేకుండా నిలబెట్టారు, చూడలేను' అని బయటికొచ్చేశారు. టీ నగర్‌లో మాత్రం ఒక్క చీర కొంగు వెలుతురులోకి పట్టుకుని మూడుసార్లు తిప్పి చూశారు, ఆఖరికి అంచులో ఎక్కడో పోగు తప్పిందని తిరిగి ఇచ్చేశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. రిజెక్ట్.

అసైన్‌మెంట్‌లో ఇదంతా రాశాను, ఏనుగుల లెక్క తప్పడంతో సహా. పదికి తొమ్మిదొచ్చాయి. ఒక్క మార్కు తగ్గించినాయన రాతి పేరు వివాదం అనవసరమన్నాడు. అనవసరమా? ఆయన ఇంట్లో ఆ రాయి పరిస్తే తెలిసేది.

మీ ప్రశ్నకు సూటి జవాబు కావాలంటే, చేరండి. డబ్బు కట్టి సర్టిఫికెట్ మాత్రం తీసుకోకండి. నాది రెండు వేల చిల్లర అయింది, మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. వీడియోలు ఊరికే చూడనిస్తే అవి చూడండి, ఏదో ఒక వారంలో ఈ ఇరవై నిమిషాల పని ఉంటుంది, అది మాత్రం ఎగ్గొట్టకండి. చెన్నైలో ఉంటే ఎగ్మోర్ వెళ్ళండి. శుక్రవారం కాకుండా.