కాలనీ సంఘం కార్యదర్శికి పెదనాన్న లేఖ

చి. ల. సౌ. సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

తిరుపతిలో మీ కాలనీ సంఘానికి కార్యదర్శివయ్యావని, వెలగని దీపాలు, పోలీసు గస్తీ, ఫైరింజను పట్టని సందు అన్నీ కలిపి నగరపాలక సంస్థ కమిషనరుకు ఒకే అర్జీ రాశావని మీ నాన్న చెప్పాడు. ఇచ్చేలోగా దానిని విడగొట్టు. రెవెన్యూ విభాగంలో పనిచేసినవాణ్ని కనుక, ఇంటి పన్ను ఎటు పోతుందో, ఎటు పోదో చెప్పగలను.

మన రాష్ట్రంలో పోలీసు, అగ్నిమాపక శాఖలు రెండూ రాష్ట్ర ప్రభుత్వానివే. కానిస్టేబులు జీతం, ఫైరింజను డీజిలు రాష్ట్ర ఖజానా భరిస్తుంది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలలో అగ్నిమాపక సేవలను చేర్చినా, ఇక్కడ ఆ శాఖ రాష్ట్రం చేతిలోనే ఉంది. కనుక గస్తీ కోసం మీ స్టేషను ఇన్‌స్పెక్టరుకు విడిగా రాయి. సందు సంగతి వేరు: మెట్లు, ర్యాంపులు రోడ్డు మీదికి కట్టి ఫైరింజనుకు దారి లేకుండా చేసినవారి మీద చర్య తీసుకోవలసింది నగరపాలక సంస్థ పట్టణ ప్రణాళిక విభాగమే. ఆ మెట్లలో సంఘం పెద్దలవి ఎన్ని ఉన్నాయో ముందుగా చూసుకో.

ఇక మీ పన్నుతో నడిచే భద్రత. 1955 నాటి నగరపాలక సంస్థల చట్టం ప్రకారం ఆస్తి పన్నులో సాధారణ పన్నుతోపాటు నీటి, మురుగునీటి, దీపాల, పారిశుద్ధ్య పన్నులు కలిసి ఉంటాయి. దీనికి తోడు గ్రంథాలయ పన్నునూ వసూలు చేస్తారు. అంటే స్తంభం మీది దీపం, కాలువ పూడికతీత, మ్యాన్‌హోలు మూత, వీధి కుక్కల బెడద నగరపాలక సంస్థ బాధ్యతలు. వీటిని చిన్న విషయాలనుకోవద్దు. 2021 నవంబరు వానలకు శేషాచలం కొండల నుంచి దిగిన నీరు పోయే దారిలేక పల్లపు వీధులను ముంచినప్పుడు, రోడ్డేదో కాలువేదో తెలియని నీటిలో మూత లేని మ్యాన్‌హోలు ఎంత ప్రమాదమో ఊరికి తెలిసింది. పూడిక తీయించమని ఎండాకాలంలోనే అడగాలి. వాన మొదలయ్యాక అడిగితే మోటారు పెట్టి నీరు తోడుతారు తప్ప కాలువ బాగుపడదు.

అడిగేవారికి బకాయి ఉండకూడదు. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం తగ్గింపు ఉంది, గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. అంతకన్నా పెద్ద సంగతి మరొకటి ఉంది. రాష్ట్ర స్థూల ఉత్పత్తి (ఏడాదిలో రాష్ట్రంలో తయారైన సరుకులు, సేవల మొత్తం విలువ) పెరుగుదలకు తగ్గట్టు ఆస్తి పన్ను వసూలు పెరగాలన్నది, కేంద్ర నిధుల పంపిణీని సిఫారసు చేసే 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పట్టణాలకు నిధులివ్వడానికి పెట్టిన షరతు కాబట్టి, మొండి బకాయిల వల్ల ఊరు కోల్పోయేది ఆ పన్ను ఒక్కటే కాదు.

అర్జీలో ‘దీపాలు సరిగా లేవు’ అని రాస్తే ఎవరూ కదలరు. ఏ స్తంభం, దాని మీద రాసిన నంబరు ఎంత, ఎన్ని రోజులుగా వెలగడం లేదు అని పట్టిక వేసి, దీపాలకు ఇంజినీరింగు విభాగం పేరున, పూడికకు ఆరోగ్య విభాగం పేరున వేర్వేరు కాగితాలు పెట్టు. ముందు వార్డు సచివాలయంలో నమోదు చేయించు. పని కాకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ నమోదు నంబరుతో సహా ఇచ్చి రసీదు తీసుకో. కొత్త కాలువ వంటి పెద్ద పనికి ఈ దారి చాలదు. బడ్జెట్టు అంచనాలు సిద్ధమయ్యే లోపే కార్పొరేటరును కలిసి అందులో చేర్పించాలి.

ఇట్లు,
మీ పెదనాన్న