ముందు నీళ్ల లెక్క తేల్చు

తమ్ముడూ,

నువ్వు చూడమని పంపిన వజ్రాల దొంగల నవల పద్దెనిమిదో పేజీలో హీరో అర్ధరాత్రి నైరుతి ఆఫ్రికా (ఇప్పటి నమీబియా) తీరంలోని నమీబ్ ఎడారి మధ్య నిలబడి, తలెత్తి ధ్రువ నక్షత్రం చూసుకుని దారి పట్టాడు. అక్కడ కాగితాలు పక్కన పడేశాను. భూమధ్యరేఖకు దక్షిణాన 27 డిగ్రీల దగ్గర ధ్రువ నక్షత్రం ఎక్కడిది? దిగంతం కిందే ఉండిపోతుంది, ఏ రాత్రీ పైకి రాదు. కోపం తగ్గాక మళ్లీ తీస్తే ఇంకో రెండు పేజీలకే "మే నెల మండుటెండ". అది మీ పత్తికొండ మే నెల. అక్కడ మే అంటే చలికాలం ముంగిట్లో ఉన్నట్టు. పైగా ఆ చోట మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. నీ పోలీసు అధికారి నీడ మాత్రం ఉత్తరం వైపు పాకింది.

ఇవన్నీ చిన్న తప్పులు, ఎవరు చూస్తారు అంటావేమో. నువ్వు రాస్తున్నది నోయర్, చీకటి మనుషుల నేరకథ. నోయర్‌లో మనిషి చెడేది దురాశ వల్ల అని సమీక్షకులు రాస్తారు. నేనలా అనుకోను. వేసుకున్న లెక్క ఒక్కచోట తప్పడం వల్ల చెడతాడు. రచయితకే లెక్క రాకపోతే పాత్ర లెక్క ఎక్కడ తప్పిందో పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

ముందు దిక్కు సంగతి. మే నెల రాత్రి అక్కడ మనవాళ్లు త్రిశంకు అన్న నక్షత్రాల గుంపు ఆకాశంలో బాగా పైన ఉంటుంది. దాని పొడుగు గీతను కాలు వైపు నాలుగున్నర రెట్లు సాగదీసి, ఆ చుక్క నుంచి నేలకు నిలువుగా దించితే దక్షిణం. తీరంలో చాలా రాత్రులు పొగమంచు కమ్ముతుంది కాబట్టి చుక్కలు కనబడవు, దిక్సూచి తీయాలి. అక్కడే నీకు కథ ఉంది. ఆ ప్రాంతంలో అయస్కాంతపు సూది అసలు ఉత్తరానికి పడమరగా 20 డిగ్రీల దరిదాపు పక్కకు తిరిగి ఉంటుంది. ఆ తేడా తీసెయ్యని వాడు 100 కిలోమీటర్లు నడిచేసరికి 34 కిలోమీటర్లు పక్కన తేలతాడు. నీళ్లు దాచిన చోటు కాదు కదా, దాని కొండ కూడా కనబడదు. ఒక పాత్రకు ఈ సంగతి తెలిసి, రెండోవాడికి చెప్పకుండా ఊరుకుంటే అది ద్రోహం. తుపాకీ అవసరం లేదు.

ఇక నీ గని. లిఫ్టులో 300 అడుగులు దిగి సొరంగంలో దొంగతనం చేయించావు. అది దక్షిణాఫ్రికాలోని కింబర్లీ గని. నైరుతి ఆఫ్రికా తీరంలో సొరంగాలుండవు. అక్కడి వజ్రాలు లోపలి భూభాగంలో పుట్టి, ఆరెంజ్ నదిలో కొట్టుకొచ్చి, సముద్రంలో పడి, అలల తోపుకు ఉత్తరంగా తీరం వెంట పరుచుకున్నవి. అంత దూరం దొర్లేసరికి పగుళ్లున్నవి దారిలోనే ముక్కలైపోయాయి. అందుకే మిగిలినవి చిన్నవే అయినా చాలామటుకు నగకు పనికొచ్చే మేలు రాళ్లు. 1908 ఏప్రిల్‌లో ల్యూడరిట్జ్ రేవు రైలు మార్గం మీద ఇసుక తోడుతున్న జకారియాస్ లెవాలా అనే కూలీకి మొదటి రాయి దొరికింది. అంతకుముందు కింబర్లీలో పనిచేసినవాడు కాబట్టి చూడగానే పోల్చుకుని, పై అధికారి ఆగస్ట్ స్టాఖ్‌కు ఇచ్చాడు. స్టాఖ్ కోటీశ్వరుడయ్యాడు. ఆ సెప్టెంబరుకే, అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలుతున్న జర్మన్ ప్రభుత్వం ఆరెంజ్ నది నుంచి 26వ అక్షాంశం దాకా, తీరం నుంచి 100 కిలోమీటర్ల లోపలి దాకా నేలనంతా నిషిద్ధ ప్రాంతం చేసేసింది. రాయి చూపినవాడికి దక్కనిది, చూపించుకున్నవాడికి దక్కింది. నీ నవలలో లెవాలా పేరే లేదు. ఉండాలి.

1947లో ల్యూడరిట్జ్ పక్కనున్న వజ్రాల ఊరు కోల్‌మాన్స్‌కోప్ కిటకిటలాడుతోందని రాశావు. వజ్రాల కంపెనీ 1943లోనే తన కార్యాలయాన్ని అక్కడి నుంచి దక్షిణాన, ఆరెంజ్ నది సముద్రంలో కలిసే చోటి ఆరాన్యెముండ్‌కు తరలించుకుపోయింది. 1947కు కోల్‌మాన్స్‌కోప్ ఖాళీ అవుతున్న ఊరు, 1956కల్లా పూర్తిగా ఖాళీ. నీకు సందడి కావాలంటే ఆరాన్యెముండ్ వెళ్లు. అక్కడ అప్పట్లో పని ఇలా ఉండేది: సముద్రపు గట్ల మీది ఇసుకను యంత్రాలతో తోడేసేవాళ్లు, కింద గులకరాళ్ల పొర తీసేవాళ్లు, దాని కింద గట్టి బండ తేలేది. ఆ బండ మీది గాడుల్లో, పగుళ్లలో వజ్రాలు ఇరుక్కుని ఉండేవి. కాంట్రాక్టు మీద వచ్చిన ఓవాంబో తెగ కూలీలు చీపుళ్లతో ఆ పగుళ్లు ఊడ్చేవాళ్లు. దొంగతనం జరిగే చోటు అదే. చీపురు పట్టుకుని వంగినవాడి కళ్లముందు, చెయ్యి చాచే దూరంలో. లిఫ్టు తీసెయ్, చీపురు పెట్టు.

బస్తా గురించి. ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తా నిండా వజ్రాలు నింపి భుజాన వేసుకుని పరిగెత్తించావు. కారట్ అంటే 0.2 గ్రాములు, గ్రాముకు ఐదు కారట్లు. వజ్రం సాంద్రత 3.52. రాళ్ల మధ్య సందులు తీసేసినా ఆ బస్తా 60 కిలోలు దాటుతుంది, మూడు లక్షల కారట్ల పైమాట. 1912లో ఆ ఎడారి ఏడాదంతా ఇచ్చింది దాదాపు పది లక్షల కారట్లు. అక్కడి రాయి సగటున కారట్ కూడా తూగదు. రాయికి కారట్ వేసుకున్నా, రోజుకు రెండు చొప్పున దొంగిలిస్తే నీ బస్తా నిండడానికి 400 ఏళ్లు పడుతుంది. అరకిలో చాలు. 2,500 కారట్లు, ఒక మంచినీళ్ల గ్లాసులో పడతాయి. వజ్రాల కథలో సొత్తు చిన్నది కావడమే భయం. ఎక్కడైనా పడుతుంది కాబట్టి ఎవరినైనా అనుమానించాలి.

ఆ రాళ్లు వెన్నెల్లో "తళతళ మెరిశాయి" అని మూడుసార్లు రాశావు. మెరిసేది కోసి సాన పట్టిన వజ్రం. ముడి వజ్రం జిడ్డు పూసిన గాజు ముక్కలా మందంగా ఉంటుంది. మీ పక్కనే జొన్నగిరి, తుగ్గలి. తొలకరి పడగానే చేలల్లో తల వంచుకుని తిరిగే జనాన్ని అడిగినా చెప్పేవాళ్లు. నీ వ్యాపారి వజ్రం అసలుదా కాదా అని సుత్తితో కొట్టి చూశాడు, రాయి చెక్కుచెదరలేదు. గట్టిదనం వేరు, పగలకపోవడం వేరు. వజ్రానికి చీలే తలాలున్నాయి, సుత్తి దెబ్బకు రెండవుతుంది. వ్యాపారి ఊరికే నోటి ఆవిరి ఊది చూడనీ. వజ్రం వేడిని చటుక్కున లాగేస్తుంది కాబట్టి ఆవిరి పట్టీ పట్టకముందే పోతుంది, గాజు మీద కాసేపు ఉంటుంది. నమ్మి సుత్తి ఎత్తే వెర్రివాడు కావాలంటే, ఎత్తించి పగలగొట్టించు. ఆ సీను నేను చదువుతాను.

కూలీ రాయిని నాలుక కింద పెట్టుకుని, అధికారి పేరు అడిగితే తల ఊపి ఊరుకున్నాడు చూడు, అది బాగుంది.

అసలు విషయానికి వస్తాను. నీ ఇద్దరు దొంగలూ తీరం నుంచి తూర్పుగా 100 కిలోమీటర్లు నడిచి నిషిద్ధ ప్రాంతం దాటాలి. ఒక్క రాత్రిలో దాటించావు. పగలు పడుకుని రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే, మెత్తటి నేల మీద గంటకు రెండున్నర కిలోమీటర్లు, రాత్రికి 20. అంటే ఐదు రాత్రులు. మనిషికి రోజుకు ఐదు లీటర్ల నీళ్లు పెట్టుకో, 25 లీటర్లు, అంటే 25 కిలోలు. వజ్రాలు అరకిలో. నీ కథ మోసే బరువు వజ్రాలది కాదు, నీళ్లది. ఇద్దరికీ కలిపి 50 లీటర్లు. యుద్ధంలో మిగిలిన 20 లీటర్ల డబ్బాలు అప్పట్లో దొరికేవి. వాటిలో ఒకటి అంతకుముందు పెట్రోలు పోసినదనుకో. కడిగినా వాసన పోదు, తాగితే వాంతులు, వాంతులతో ఒంట్లో నీళ్లన్నీ పోతాయి. ఆ డబ్బా పారబోస్తే మిగిలేవి 30 లీటర్లు. ఒకడికి చాలు, ఇద్దరికి చాలవు. మూడో అధ్యాయంలో ఈ అంకె పాఠకుడికి చెప్పి వదిలెయ్. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఎంత స్నేహంగా మాట్లాడుకుంటే అంత భయం వేస్తుంది.

వాతావరణం కూడా నీకు సాయం చేస్తుంది. ఆ తీరం వెంట సాగే బెంగ్వెలా సముద్ర ప్రవాహపు చలి వల్ల ఆ తీరం చల్లగా, మంచుగా, ఎక్కువగా నైరుతి గాలితో ఉంటుంది. నీ దొంగలు ఆ చల్లదనం చూసి రోజుకు మూడు లీటర్లు చాలనుకుంటారు. కానీ చలికాలంలోనే లోపలి పీఠభూమి నుంచి తూర్పుగాలి దిగుతుంది, పొడిగా, వేడిగా. మంచు ఒక్కసారిగా మాయమై, చొక్కా మీద చొక్కా వేసుకున్నవాడు విప్పి పారేస్తాడు. లెక్క అక్కడ తప్పుతుంది, వాళ్ల తప్పేం లేకుండానే. నువ్వు పెట్టిన ఇసుక తుఫాను కంటే ఇది మేలు. ఇసుక తుఫాను ప్రతివాడూ పెడతాడు.

"సమాచారం తగ్గించండి, వేగం పెంచండి" అని నీకు ఎవరో సంపాదకుడు రాశాడన్నావు. ఆ మాట అనని సంపాదకుడు ఈమధ్య లేడు. వేగం అంటే వాళ్లకు పేరాలు పొట్టిగా ఉండటం. ముప్ఫై లీటర్లు, ఇద్దరు మనుషులు అన్న వాక్యం కంటే వేగంగా నడిచేది ఏముంది? చివరి పేజీలో మలుపు కావాలని అడిగేవాళ్లూ వాళ్లే. విలన్ హీరోకు అన్న అని తేల్చిన నీ మలుపు వాళ్ల కోసం పెట్టిందే అని నా అనుమానం. తీసెయ్.

జీపు. ఇసుక దిబ్బల మీద 80 మైళ్ల వేగంతో పోనిచ్చావు. మెత్తటి ఇసుకలో దిగేముందు టైర్లలో గాలి 30 పౌండ్ల నుంచి 15కు దించాలి, లేకపోతే ఇరుసు దాకా కూరుకుపోతుంది. కూరుకున్నాక యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా దిగుతుంది. తెల్లవారుజామున మంచు తడికి ఇసుక కాస్త గట్టిగా ఉంటుంది, దాటేవాడు అప్పుడే దాటతాడు. దిబ్బకు గాలి వచ్చే వైపు వాలు నెమ్మది, అవతలి వైపు 33 డిగ్రీల జారుడు. శిఖరం మీద ఆగి చూడకుండా దూకితే బోల్తా. వాలుకు అడ్డంగా దిగినా బోల్తా, వాలు వెంట తిన్నగానే దిగాలి. మళ్లీ రాతి నేల తగలగానే గాలి కొట్టుకోవాలి, లేకపోతే టైరు పక్కలు చీలిపోతాయి. చేతిపంపుతో నాలుగు టైర్లూ అంటే అరగంట పైనే. వెంటాడుతున్నవాళ్ల దుమ్ము దూరాన కనబడుతుండగా ఆ అరగంట రాయి, రేసు సీను దానంతటదే అనవసరమైపోతుంది.

పైగా ఆ నిషిద్ధ ప్రాంతం నీ ఊహలోలా ఎర్ర దిబ్బల సముద్రం కాదు. ఆ మహా దిబ్బలు ల్యూడరిట్జ్‌కు ఉత్తరాన ఉన్నాయి. దక్షిణాన ఎక్కువగా గులక మైదానాలు, బండ గుట్టలు, మధ్యమధ్య కదిలే చంద్రవంక దిబ్బలు. ఇసుక మీద జాడ కొన్ని గంటల్లో చెరిగిపోతుంది, గులక మీద చక్రాల గాడి దశాబ్దాలు ఉంటుంది. కాబట్టి తెలివైన పోలీసు వెంటపడడు. గులక మైదానం అంచున అడ్డంగా నడుపుకుంటూ, తెల్లారేసరికి కొత్త గాడి ఎక్కడ దాటిందో చూసుకుంటాడు. దాచిన సొత్తు సంగతీ అంతే. దిబ్బలో పాతిపెట్టి రెండేళ్ల తర్వాత తవ్వించావు. ఆ దిబ్బ అప్పటికి ఎక్కడికో నడిచిపోయి ఉంటుంది. బండ పగుల్లో పెట్టి, గుట్ట నుంచి దిశ, అడుగులు కొలిపించు.

1949లో వచ్చిన రోప్ ఆఫ్ సాండ్ సినిమా చూసి ఈ నవల మొదలుపెట్టానన్నావు. మంచిదే. అందులో నేర్చుకోవలసింది హీరో బర్ట్ లాంకస్టర్ భుజాలు కాదు. వజ్రాలు ఎక్కడున్నాయో ఒక్కడికే తెలుసు, కంపెనీ మనిషికీ పోలీసుకూ ఆ ఒక్క సంగతి కావాలి. కాబట్టి ఒకడు కొడతాడు, ఒకడు ఆడమనిషిని పంపుతాడు. కథంతా అదే. నువ్వు ఆ ఆడమనిషిని కూడా దించావు, ఎర్ర గౌనుతో, పాటతో, సిగరెట్టుతో. ఆమెకు ఉద్యోగం ఇవ్వు. ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పెట్టు. రాయి మింగినవాడిని పట్టుకోడానికి ఎక్స్‌రే వాడేవారు, రోజూ అందరికీ తీస్తే ఒంటికి చేటు. కాబట్టి ఎవరి వంతు ఎప్పుడో తెలియనివ్వకపోవడమే కాపలా అని రాసుకో. ఆ వంతుల చీటీ ఆమె చేతిలో ఉంటుంది. మింగిన రాయి బయటపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు. ఇప్పుడు ఆమె ప్రేమించిందా అమ్మిందా అన్నది పాట లేకుండానే తేలుతుంది.

అమ్మకం నువ్వు ఒక్క పేరాలో ముగించావు: కేప్‌టౌన్, హోటల్ గది, పూర్తి ధర. అసలు కష్టం అక్కడే మొదలు. అక్కడి బ్రిటిష్ వలస రాజ్యం కేప్ కాలనీ 1882లోనే చట్టం చేసింది. లైసెన్సు లేకుండా ముడి వజ్రం దగ్గరుంటే నేరం, ఎలా వచ్చిందో రుజువు చేసుకోవలసింది పట్టుబడినవాడే. పోలీసులు కొనేవాళ్ల వేషంలోనూ అమ్మేవాళ్ల వేషంలోనూ వల వేసేవారు. కాబట్టి హోటల్ గదిలోకి వచ్చినవాడు బేరమాడకుండా ఒప్పుకుంటే భయపడాలి. గట్టిగా బేరమాడి, విలువలో చిన్న వంతు మాత్రమే ఇస్తానంటే నిజమైన కొనుగోలుదారు అయ్యే అవకాశం ఎక్కువ. ఇంకొకటి, అనుభవమున్నవాడు రాళ్ల గుప్పెడు చూసి ఏ తీరానివో పోల్చగలడు. చిన్నవి, శుభ్రమైనవి, అన్నీ ఒకే తీరు. రెండు మూడు చోట్ల రాళ్లు కలిపితే తప్ప గుట్టు దాగదు. కలపడానికి వేరే దొంగ కావాలి. చూశావా, నీకు రెండో భాగం దొరికింది.

కలం పేరు గురించి, ముందుమాట ఎవరిచేత రాయించాలన్న దాని గురించి అడిగావు. ఇప్పుడు వద్దు. రాతప్రతి వేరే కవరులో పంపుతున్నాను, పెన్సిలు గుర్తులున్నవన్నీ అంకెల దగ్గరే. మొదట మూడో అధ్యాయం తిరగరాయి, డబ్బాలు ఎన్ని, ఎవరి వీపున ఏది, రాత్రికి ఎంత ఖర్చు అన్నది ఒక కాగితం మీద పట్టిక వేసుకుని. ఆ పట్టిక కూడా నాకు పంపు.