గిడుగు ప్రదర్శన పెట్టబోతున్న మేనకోడలికి

చి. అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు. ఆగస్టు 29కి గిడుగువారి మీద లైబ్రరీలో ఎగ్జిబిషన్ పెట్టమన్నారని, చేతిలో మూడు వారాలే ఉన్నాయని నువ్వు ఫోనులో కంగారుపడ్డావు. నోటితో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను.

ముందు ఫ్లెక్సీ కొట్టుకి పరుగెత్తకు. యాక్సెషన్ రిజిస్టర్ తియ్యి, అదే, లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరస నంబరు వేసి ఎక్కించే పుస్తకం. కంప్యూటర్లోది వద్దు, చేత్తో రాసిన పాతది, అట్ట ఊడిపోయినదైనా సరే. ఒక సాయంత్రం కూర్చుని వరసగా చదువు. పుస్తకం ఎక్కడి నుంచి వచ్చిందో రాసే గడి చూడు. మీ యూనివర్సిటీ వయసు చిన్నది, కాబట్టి పాత పుస్తకాలుంటే చాలావరకు ఎవరో ఇచ్చినవే అయి ఉంటాయి. ఏ రిటైరైన మాస్టారో, ఏ వకీలు ఇంటివాళ్లో. ఆ గడిలో ఒక్క ముక్కే ఉంటుంది, కానీ నీ ప్రదర్శనకి కథ అక్కడే దొరుకుతుంది.

తరవాత ర్యాకుల దగ్గరికి వెళ్లు. పుస్తకాలని విషయాన్ని బట్టి నంబర్లు వేసి సర్దే డ్యూయీ లెక్కలో తెలుగు భాష 494.827. గిడుగువారు వాడుక భాష కోసం చేసిన వాదనలన్నీ అక్కడుంటాయి. ఆయన సవర భాష పుస్తకం మాత్రం అక్కడ దొరకదు. సవర ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబానిది, దాని నంబరు 495.95. అంటే సీతంపేట కొండల మీద మాట్లాడే మాట మన ర్యాకులో చైనా, జపాను భాషల వరసలోకి పోయింది! పర్వతాలపేటలో 1863లో పుట్టిన మనిషి ఒక్కడే, ఆయన పని మాత్రం రెండు చోట్ల పడి ఉంది. ఆ రెండింటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి, మధ్యలో ఆ రెండు నంబర్లు పెద్దక్షరాలతో రాయి. నన్నడిగితే నీ ఎగ్జిబిషన్‌కి అంతకంటే మంచి గుమ్మం లేదు. 1931లో మద్రాసులో అచ్చయిన సవర వ్యాకరణం అసలు ప్రతి మీ దగ్గర లేకపోతే చిన్నబోకు. మొదటి పేజీ నకలు పెట్టి, నకలని రాయి.

అసలు పుస్తకాలు పెట్టేటప్పుడే జాగ్రత్త. పాత కాగితానికి వెలుతురే పెద్ద శత్రువు. వెలుతురు కొలతలో యాభై లక్స్ దాటకూడదంటారు. మీటరు లేదుగా? కిటికీ వైపు పెట్టకు, గాజు పెట్టెలో బల్బు వెలిగించకు, అంతే. పుస్తకాన్ని బల్లపరుపుగా విప్పి పడుకోబెడితే వెన్ను విరుగుతుంది. రెండు వైపులా మెత్తటి ఆసరా పెట్టి, సగానికి కాస్త ఎక్కువ తెరిస్తే చాలు. ఒకే పేజీ నెలల తరబడి తెరిచి ఉంచొద్దు. కొత్తగా వార్నీషు వేసిన పెట్టె అయితే వాసన పోయేదాకా అందులో ఏమీ పెట్టకు.

సెల్లోటేపు ముట్టుకోకు. ఇది నా పాపం. లైబ్రరీ ఉద్యోగంలో చేరిన కొత్తలో చిరిగిన పేజీలన్నిటికీ ఉత్సాహంగా టేపు అంటించాను. పదేళ్లు తిరిగేసరికి టేపు ఎండి ఊడిపోయింది, దాని జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి పసుపు మరకై కూర్చుంది. ఆ పుస్తకాల మీద నా చేతి పని ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇంకో సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు నేను ఒక లైబ్రరీలో సాయానికి వెళ్లాను. పైకప్పు రేకులు లేచిపోయి రెండు ర్యాకులు నీళ్లు తాగాయి. కరెంటు లేదు, ఫ్యాను లేదు. నేనేమో ఓలమ్మ, ఎండ బాగా కాస్తోందని పుస్తకాలన్నీ మేడ మీద పరిచాను. అట్టలు అప్పడాల్లా వంకర తిరిగాయి. నున్నటి ఆర్టు పేపరు బొమ్మల పుస్తకాలైతే పేజీకి పేజీ అతుక్కుని ఇటికల్లా అయిపోయాయి. తడిసిన పుస్తకాన్ని నీడలో, గాలి ఆడేచోట నిలబెట్టి, ఆకులు విసనకర్రలా విప్పి, మధ్యమధ్య అచ్చు లేని తెల్ల కాగితం పెట్టి మారుస్తుండాలి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. ఒకేసారి చూసుకోలేనన్ని ఉంటే డీప్ ఫ్రీజర్లో పెట్టి ఆపొచ్చట, ఆ సంగతి నాకు తరవాత తెలిసింది. చేపల ఐసు ఫ్యాక్టరీలున్న మన జిల్లాలో ఆ ఆలోచనే రాలేదు చూడు! మీ ప్రదర్శనలో అతుక్కుపోయిన అలాంటి పుస్తకం ఒకటి పెట్టు. పిల్లలు గిడుగువారి ఫొటో ముందు నిలబడే దానికంటే దాని ముందు ఎక్కువసేపు నిలబడతారు.

వెనక గది పని కూడా కొంచెం బయటికి తే. లేబుల్ అంటించడం, వెన్ను కుట్టడం, పుస్తకం ఏ ర్యాకులో ఉండాలో చెప్పే కాల్ నంబరు రాయడం ఒక మూల బల్ల మీద మీ బైండరు చేత చేయించు. పుస్తకాన్ని పై అంచు పట్టి లాగితే ఎలా చిరుగుతుందో, పక్క రెండింటినీ లోపలికి నెట్టి నడుము పట్టి ఎలా తియ్యాలో అతను చూపిస్తాడు. యాక్సెషన్ నంబరు లోపల ఒక రహస్య పేజీ మీద కూడా వేస్తామని చెప్పండి. ఏ పేజీయో మాత్రం చెప్పొద్దు.

పుస్తకాల పక్కన పెట్టే చీటీలు నువ్వే రాయి, నాలుగు వాక్యాలు మించకుండా. "అమూల్యమైన", "అరుదైన" అన్న మాటలు కొట్టెయ్యి, అరుదో కాదో చూసినవాడు చెబుతాడు. "ఈ గ్రంథరాజము" అని మాత్రం రాయకు, వ్యావహారికం కోసం కొట్లాడినాయన బల్ల మీద గ్రాంథికం పెడితే నవ్విపోతారు. మీ హాస్టల్లో సవర పిల్లలుంటారు కదా, వాళ్ల చేత ఒక చీటీ సవరలో రాయించు. తెలుగు లిపిలో రాసినా పరవాలేదు. తప్పులు దిద్దే పని నీది కాదు, వాళ్లదే.

ఉపన్యాసాలు ఎవరు చెప్పాలో, దండలెవరు వెయ్యాలో వాళ్లే తేల్చుకుంటారు, నువ్వు అందులో తలదూర్చకు.

రిజిస్టర్లో పాత పేజీలు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. 27న పొద్దున్న బస్సుకి వస్తాను. అతికే పనేమైనా ఉంటే అట్టేపెట్టు, మైదా బంక ఇంట్లో కాచి తెస్తాను. బంకకి పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తం మీ బైండరు దగ్గర ఉందేమో అడిగి చెప్పు. లేకపోతే వచ్చే దారిలో కొంటాను.

మీ మావయ్య
శ్రీకాకుళం